బొడ్రాయి లేని ఊరు

అయిదు పల్లెలు కలిసి ఒక నగరమయ్యాయి. స్పెయిన్ ఫాదరీలు, చైనా కూలీలు, చార్లీ చాప్లిన్, అఫ్గాన్ శరణార్థులు, పంజాబీలు, తెలుగువాళ్ళు... వచ్చిన ప్రతి ఒక్కరూ అక్కడ ఏదో ఒక గుర్తు వదిలారు. ఆ ఊరికి నడిబొడ్డంటూ లేదు. అయినా అందరూ ‘మా ఊరు’ అనే అంటారు. కాలిఫోర్నియాలో మనవాళ్ళు ఎక్కువగా స్థిరపడ్డ ఫ్రీమాంట్ నగరం కథ ఇది.

మన పల్లెల్లో ఊరు కట్టాలంటే ముందు బొడ్రాయి పాతుతారు. కొన్నిచోట్ల బొడ్డురాయి అంటారు. అది ఊరికి నాభి లాంటిది. జాతరైనా, ఊరేగింపైనా దాని చుట్టూ తిరగాల్సిందే. పట్టణాలకొచ్చేసరికి రాయి పోయి ‘సెంటర్’ వచ్చింది. ఏ పట్టణంలో బస్సు దిగినా ముందు సెంటర్‌కి వెళితే చాలు, మిగిలిన దారులన్నీ అక్కణ్నుంచే తెలుస్తాయి.

ఆ అలవాటుతోనే పిల్లల దగ్గరికి ఫ్రీమాంట్ వెళ్ళిన అమ్మానాన్నలు కాస్త తికమక పడతారు. ఇళ్ళున్నాయి, పార్కులున్నాయి, వెడల్పాటి రోడ్లున్నాయి. కిరాణా కొట్లు గుంపుగా ఒకచోట, బడి ఇంకోచోట, గుడి మరోచోట. మరి ఊరెక్కడ? నగరంలో ‘సెంటర్‌విల్’ అనే పేట ఉంది. పేరులో సెంటర్ ఉంది గానీ అదీ సెంటర్ కాదు!

శాన్‌ఫ్రాన్సిస్కోకి ఆగ్నేయంగా 60 కిలోమీటర్లకు పైగా దూరంలో, ఒకవైపు సముద్రపు పాయ, మరోవైపు పచ్చికకొండల మధ్య దాదాపు 200 చదరపు కిలోమీటర్ల మేర పరచుకున్న ఊరిది. 2020 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ ఉంటున్నవారు 2,30,504 మంది. బే ఏరియాలో శాన్‌హోజే, శాన్‌ఫ్రాన్సిస్కో, ఓక్లాండ్‌ల తర్వాత జనాభాలో దీనిదే స్థానం. ఇంత పెద్ద నగరానికి నడిబొడ్డు లేకపోవడం వెనక ఓ కథ ఉంది.

అయిదు పల్లెల ఒప్పందం

1956 జనవరి 23కి ముందు ఫ్రీమాంట్ అనే ఊరే లేదు. ఉన్నవి అయిదు పల్లెలు. మిషన్ శాన్‌హోజే, నైల్స్, సెంటర్‌విల్, ఇర్వింగ్టన్, వార్మ్ స్ప్రింగ్స్. చుట్టూ ఆప్రికాట్, చెర్రీ తోటలు, కాలీఫ్లవర్ పొలాలు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక కాలిఫోర్నియాలో ఇళ్ళకి గిరాకీ పెరిగింది. తోటలు కొట్టేసి ప్లాట్లు వేయడం మొదలైంది. పక్కనున్న హేవార్డ్ నగరం తమ పొలాల్ని ఎక్కడ కలిపేసుకుంటుందో అన్న భయం పట్టుకుంది పల్లెలకి. ఒక్కొక్కరుగా ఉంటే మింగేస్తారు, కలిసి ఉంటే మన భూమి గురించి మనమే నిర్ణయించుకోవచ్చు... ఈ లెక్కతోనే అయిదు పల్లెలూ చేతులు కలిపాయి.

ఆరో ఊరు న్యూఆర్క్ మాత్రం రానంది. 1955లోనే విడిగా నగరపాలన తెచ్చుకుంది. అందుకే ఇప్పుడు పటం చూస్తే విచిత్రంగా ఉంటుంది. దాదాపు చుట్టూ ఫ్రీమాంట్... మధ్యలో న్యూఆర్క్! పెళ్ళికి రానని అలిగి విడిది మధ్యలోనే మంచం వేసుకున్న బంధువులా ఉంటుంది.

కొత్త నగరానికి పేరు కావాలి. అయిదింటిలో ఏ ఒక్క పేరు పెట్టినా మిగిలిన నలుగురికీ కోపం. అందుకని ఎవరిదీ కాని పేరు పెట్టుకున్నారు. జాన్ సి.ఫ్రీమాంట్ పందొమ్మిదో శతాబ్దంలో పశ్చిమ అమెరికా దారుల్ని పటాలకెక్కించిన సైనికాధికారి. 1856లో రిపబ్లికన్ పార్టీ తరఫున అధ్యక్ష పదవికి పోటీచేసిన మొదటి వ్యక్తి కూడా ఆయనే. నూరేళ్ళ తర్వాత ఆయన పేరు ఈ ఊరికొచ్చింది.

అప్పటి జనాభా సుమారు 22 వేలు. ఇప్పుడు అది పదిరెట్లు దాటింది. అయినా అయిదు పల్లెలూ కరిగిపోలేదు. ‘ఎక్కడుంటున్నారు?’ అని ఫ్రీమాంట్‌లో ఒకరినొకరు అడిగితే ఈనాటికీ వచ్చే జవాబు... నైల్స్, ఇర్వింగ్టన్, మిషన్, వార్మ్ స్ప్రింగ్స్. పాతవీధులు, పాత దుకాణాలు, ఎవరి తీరు వారిదే. మధ్యలో ఓ కేంద్రం కట్టుకుందామని నగరం ప్రయత్నించకపోలేదు. 1960ల చివర్లో సెంట్రల్ పార్క్ దగ్గర అందమైన నగరపాలక భవనం కట్టారు. అది పెద్ద భూకంపానికి నిలవదని తేలడంతో ఖాళీచేసి, 2004లో పడగొట్టేశారు. ఊరికి బొడ్రాయి పాతబోతే నేలే ఒప్పుకోలేదన్నమాట!

మొదటివాళ్ళు ఏమయ్యారు?

అయిదు పల్లెల్లో పెద్దది వయసులో మిషన్ శాన్‌హోజే. 1797 జూన్ 11న స్పెయిన్ నుంచి వచ్చిన ఫ్రాన్సిస్కన్ ఫాదరీలు ఇక్కడ మిషన్ స్థాపించారు. కాలిఫోర్నియాలో మొత్తం 21 మిషన్లు కడితే ఇది పద్నాలుగోది. అంతకు కొన్ని వేల ఏళ్ళుగా ఈ నేల మీద బతికింది ఓలోనీ జనం. ఓక్ చెట్ల కాయలు దంచి పిండి చేసుకునేవారు, పాయల్లో చేపలు పట్టేవారు, రెల్లుగడ్డితో పడవలల్లేవారు. మిషన్‌లో వాళ్ళకి బాప్టిజం ఇచ్చారు. పొలాల్లో, పశువుల మందల దగ్గర పనికి పెట్టారు. తట్టు, మశూచి లాంటి కొత్త జబ్బులు వాళ్ళని ఊడ్చేశాయి. 1830లలో మెక్సికో ప్రభుత్వం మిషన్లని రద్దుచేసింది. ఆ భూములు స్థానికులకి దక్కుతాయన్నారు గానీ, దక్కింది పెద్ద పశువుల కమతాలున్న ఆసాములకి.

మిషన్‌కి కాస్త దూరంలో ఓలోనీల శ్మశానం ఇప్పటికీ ఉంది. కొండ మీది కాలేజీకి ‘ఓలోనీ కాలేజీ’ అని పేరు. వాళ్ళ వారసులైన మువెక్మా ఓలోనీ తెగవారు మాత్రం, తమని ఒక తెగగా గుర్తించమని అమెరికా ప్రభుత్వంతో దశాబ్దాలుగా పోరాడుతున్నారు. ఫ్రీమాంట్‌కి అందరికన్నా ముందొచ్చినవాళ్ళకే కాగితాలు లేవు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

1848లో కాలిఫోర్నియాలో బంగారం దొరికింది. గనులకి పరుగులు తీసేవాళ్ళు మిషన్ దగ్గర ఆగి పిండి, మాంసం, పారలు కొనుక్కునేవారు. 1869లో నైల్స్ లోయ గుండా రైలు వచ్చింది. అమెరికా తూర్పు తీరాన్ని పడమటి తీరంతో కలిపిన తొలి ఖండాంతర రైలుమార్గంలో చివరి ముక్కల్లో అదొకటి. ఆ కొండల్ని తొలిచి పట్టాలు వేసిన కూలీల్లో ఎక్కువమంది చైనీయులు. ఆ తర్వాత తోటపనికి జపనీయులు, పోర్చుగల్ దీవుల వాళ్ళు, మెక్సికన్లు, ఫిలిప్పీన్స్ వాళ్ళు వచ్చారు. 1942లో యుద్ధం పేరుతో జపనీయ కుటుంబాల్ని ఇళ్ళ నుంచి లేవదీసి నిర్బంధ శిబిరాలకి తరలించారు. వాళ్ళలో అమెరికాలోనే పుట్టిన పిల్లలూ ఉన్నారు. పని కోసం రమ్మనడం, అవసరం తీరాక అనుమానంగా చూడడం... ఈ నేలకి కొత్త కాదు.

చాప్లిన్ నడిచిన దారి

నైల్స్ వెళితే కొండ మీద పెద్ద పెద్ద తెల్లటి అక్షరాల్లో ఊరి పేరు కనిపిస్తుంది. హాలీవుడ్ గుర్తొస్తుంది కదూ! నిజానికి హాలీవుడ్ ఇంకా పూర్తిగా హాలీవుడ్ కాని రోజుల్లో ఇక్కడ సినిమాలు తీశారు. షికాగోకి చెందిన ఎసనే సంస్థ 1912 ప్రాంతంలో నైల్స్‌లో స్టూడియో పెట్టింది. కౌబాయ్ చిత్రాల తొలి తార ‘బ్రాంకో బిల్లీ’ ఆండర్సన్ ఇక్కడి కొండల్లో గుర్రం మీద తిరిగాడు. 1915లో చార్లీ చాప్లిన్ వచ్చాడు. కొద్దినెలలే ఉన్నాడు. ఆ కొద్దినెలల్లోనే ‘ద ట్రాంప్’ తీశాడు. చినిగిన కోటు, పెద్ద బూట్లు, చేతికర్రతో ఓ దేశదిమ్మరి ఒంటరిగా మట్టిరోడ్డు మీద నడిచి వెళ్ళిపోయే చివరి దృశ్యం తీసింది నైల్స్ లోయ దారిలోనే.

1916లో స్టూడియో మూతపడింది. ఇప్పుడు ఆ వీధిలో మూకీ చిత్రాల మ్యూజియం ఉంది. అక్కడి పాతకాలపు చిన్న హాల్లో బొమ్మ తెర మీద ఆడుతుంటే, పక్కన కూర్చుని పియానో వాయిస్తారు. ఊరు లేని మనిషిగా ప్రపంచమంతా గుర్తుపట్టే ఆ పాత్ర రూపుదిద్దుకున్న చోట్లలో ఇదొకటి. తర్వాతి నూరేళ్ళలో ఫ్రీమాంట్‌కి వచ్చిన జనాన్ని చూస్తే, అది కాకతాళీయమని అనుకోబుద్ధి కాదు.

ఒకే షెడ్డు... మూడు కాలాలు

ఫ్రీమాంట్ తోటలూరు నుంచి పనులూరు అయింది కార్లతో. దక్షిణాన వార్మ్ స్ప్రింగ్స్ దగ్గర 1960ల మొదట్లో జనరల్ మోటార్స్ కర్మాగారం వచ్చింది. వేలమందికి ఉద్యోగాలు, వాళ్ళకోసం ఇళ్ళు, ఆ పిల్లలకోసం బళ్ళు. 1972 సెప్టెంబరు 11న బార్ట్ రైలు మొదలైనప్పుడు తొలిరోజు నడిచిన మార్గానికి చివరి స్టేషన్ ఫ్రీమాంటే. 2017 దాకా ఆ లైను అక్కడితోనే ఆగిపోయేది.

జీఎం ప్లాంటుకి మంచి పేరు రాలేదు. యాజమాన్యానికీ కార్మికులకీ పడేది కాదు. డుమ్మాలు ఎక్కువ, కార్లలో లోపాలు ఎక్కువ. 1982లో మూసేశారు. రెండేళ్ళకే జీఎం, జపాన్ కంపెనీ టొయోటా కలిసి అదే షెడ్డులో ‘నమ్మీ’ అనే సంస్థ పెట్టాయి. తీసుకున్నది చాలావరకు ఆ పాత కార్మికుల్నే. ఈసారి పద్ధతి మార్చారు. తప్పు కనిపిస్తే ఏ కార్మికుడైనా తాడు లాగి మొత్తం లైనుని ఆపేయవచ్చు. ఎందుకాపావని ఎవరూ తిట్టరు, సాయానికొస్తారు. అంతే, అమెరికాలోనే నాణ్యమైన కార్లు అక్కణ్నుంచి రావడం మొదలైంది. మనుషులు చెడ్డవాళ్ళు కాదు, నడిపే తీరు చెడ్డదని తేలిన ఈ ఉదాహరణని మేనేజ్‌మెంట్ చదువుల్లో నేటికీ చెబుతారు.

2010 ఏప్రిల్‌లో నమ్మీ కూడా మూతపడింది. దాదాపు 4,700 మంది రోడ్డున పడ్డారు. అదే ఏడాది టెస్లా ఆ ప్లాంటుని కొంది. 2012 నుంచి అక్కడ విద్యుత్ కార్లు తయారవుతున్నాయి. ఒకే షెడ్డు కింద మూడు తరాల ఉద్యోగాలు. అమెరికాలో ఒక ఊరి అదృష్టం ఎంత త్వరగా తిరగబడుతుందో, ఎంత త్వరగా కుదుటపడుతుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

గురుద్వారా రోడ్డు, శాంతి వీధి

కర్మాగారం తెచ్చినవాళ్ళు కొందరైతే, యుద్ధాలు తరిమినవాళ్ళు మరికొందరు. 1979లో సోవియట్ సేనలు అఫ్గానిస్థాన్‌లో అడుగుపెట్టాక అక్కణ్నుంచి బయటపడ్డ కుటుంబాలు ఎన్నో ఇక్కడికి చేరాయి. అప్పట్లో అద్దెలు తక్కువ. ఒక బంధువు ఉంటే వాళ్ళని పట్టుకుని మరో నాలుగు కుటుంబాలు. అలా సెంటర్‌విల్ వీధులకి ‘లిటిల్ కాబూల్’ అని పేరొచ్చింది. పొడవాటి నాన్ రొట్టెలు, కబాబులు, ఎండుపళ్ళ దుకాణాలు. సొంత దేశంలో డాక్టర్లుగా, అధికారులుగా బతికినవాళ్ళు ఇక్కడ టాక్సీలు నడిపి, సంతల్లో పాతసామాను అమ్మి పిల్లల్ని చదివించుకున్నారు. ఖాలిద్ హుసేనీ 2003లో రాసిన ‘ద కైట్ రన్నర్’ నవలలో తండ్రీకొడుకులు వచ్చి చేరింది ఈ ఫ్రీమాంట్‌కే. 2021లో కాబూల్ మళ్ళీ తాలిబాన్ల చేతికి చిక్కాక వచ్చిన కొత్త కుటుంబాలకి బియ్యం, దుప్పట్లు, అద్దె ఇళ్ళు చూసిపెట్టింది నలభై ఏళ్ళ కిందట వచ్చిన ఆ పాతవాళ్ళే.

కొండవాలులో సిక్కుల గురుద్వారా ఉంది. 1978లో ఏర్పడింది. దాని ముందున్న దారి పేరే నగరం ‘గురుద్వారా రోడ్డు’గా మార్చింది. లంగరులో ఎవరు వెళ్ళినా భోజనం. వేరే అద్దెలు, ఖర్చులతో సతమతమయ్యే విద్యార్థులకి అది ఎంత ఆసరానో వాళ్ళనే అడగాలి.

మరోచోట ‘పీస్ టెర్రస్’ అని ఓ చిన్న వీధి. దాని మీద ఒక మసీదు, ఒక మెథడిస్టు చర్చి పక్కపక్కనే ఉంటాయి. రెండు సంఘాలకీ స్థలం కావాల్సివచ్చింది. విడివిడిగా కొనడం కష్టం. కలిసి కొనుక్కుని 1990లలో కట్టుకున్నారు. వీధికి ఆ పేరు కూడా వాళ్ళు పెట్టుకున్నదే. ఆదివారం చర్చివాళ్ళకీ, శుక్రవారం మసీదువాళ్ళకీ బండ్లు ఎక్కువ... కాబట్టి పార్కింగ్ తగాదా లేదు!

ఇంకో విశేషం చాలామందికి తెలియదు. వినికిడి లేని పిల్లల కోసం నడిచే కాలిఫోర్నియా రాష్ట్ర పాఠశాల 1980లో బర్క్లీ నుంచి ఫ్రీమాంట్‌కి మారింది. అంధుల పాఠశాల కూడా పక్కనే. పిల్లల చదువుకోసం వచ్చిన బధిర కుటుంబాలు, ఉపాధ్యాయులు, చదువు ముగించిన విద్యార్థులు ఇక్కడే స్థిరపడ్డారు. అందుకే ఇక్కడి కాఫీ దుకాణాల్లో చేతులతో గలగలా మాట్లాడుకునేవాళ్ళు కనిపిస్తారు. కొత్త భాషలతో వచ్చినవాళ్ళకి అలవాటుపడ్డ ఊరు కాబట్టి శబ్దం లేని ఈ భాషా ఇక్కడ వింతగా అనిపించదు.

మనవాళ్ళు వచ్చిన దారి

ఫ్రీమాంట్‌కి భారతీయులు తొలుత ఇంజినీర్లుగా, వైద్యులుగా కొద్దికొద్దిగా వచ్చారు. 1990లలో సిలికాన్ వ్యాలీ ఊపందుకుంది. 2000 సంవత్సరం దాటితే కంప్యూటర్లు తారీఖులు తప్పుతాయన్న ‘వై2కే’ భయంతో ప్రోగ్రామర్లకి గిరాకీ వచ్చింది. హైదరాబాద్ అమీర్‌పేటలో కోర్సు, ఆ వెనకే వీసా, విమానం... ఆ తరం కథ మనకి తెలిసిందే. ఆఫీసులు శాంటాక్లారాలో, సన్నీవేల్‌లో ఉన్నా అక్కడ ఇళ్ళ ధరలు అందేవి కావు. పాయ ఇవతలి ఒడ్డున ఫ్రీమాంట్‌లో కాస్త చవక, పైగా మంచి బళ్ళు. ఇంకేముంది, జనం ఇటు మళ్ళారు.

2010 జనాభా లెక్కల నాటికే ఊళ్ళో సగంమంది ఆసియా మూలాలవారు. 2020 నాటికి ఆ వాటా ఇంకా పెరిగింది. వాళ్ళలో భారతీయులే పెద్ద వర్గం. ఏటా ఆగస్టులో జరిగే భారత స్వాతంత్ర్య దినోత్సవ పెరేడ్ దశాబ్దాలుగా ఈ ఊరికి పండగ. 2024 నవంబరు ఎన్నికల్లో భారతీయ మూలాలున్న పశువైద్యుడు రాజ్ సల్వాన్ మేయర్‌గా గెలిచారు. 2000లలో ఇక్కడ ‘నాజ్ 8’ అని ఎనిమిది తెరల థియేటర్ ఉండేది. హిందీ, పంజాబీలతోపాటు మన తెలుగు సినిమాలూ ఆడేవి. అభిమాన హీరో బొమ్మ పడితే కాగితపు ముక్కలు ఎగరేసి, ఆట అయ్యాక చీపుళ్ళు పట్టి ఊడ్చిన కుర్రాళ్ళు ఇప్పుడు కాలేజీ పిల్లల తండ్రులు.

పెళ్ళి ముహూర్తాలకీ, వ్రతాలకీ కొండల అవతలి లివర్‌మోర్ శివవిష్ణు ఆలయానికి వెళతారు. ఊళ్ళోనే హిందూ దేవాలయమూ ఉంది. గోంగూర, దొండకాయ, ములక్కాడ దొరకని రోజంటూ లేదు. సిలికాన్ ఆంధ్ర సంస్థ 2007లో మొదలుపెట్టిన ‘మనబడి’ వల్ల శని, ఆదివారాల్లో పిల్లలు అ ఆలు దిద్దుతున్నారు. సాయంత్రం అయిదు దాటితే సెంట్రల్ పార్కులోని ఎలిజబెత్ సరస్సు చుట్టూ చూడాలి. ఆస్ట్రేలియాలోని సోదరనగరం పేరు పెట్టుకున్న ఆ చెరువు గట్టున స్వెట్టర్లు, మంకీ క్యాపులు, కాన్వాస్ బూట్లతో పెద్దవాళ్ళు. ‘మీది ఏ జిల్లా అండీ?’తో మొదలైన పలకరింపు పదడుగులకే బీరకాయల పీచుల దాకా, కోడళ్ళ ఉద్యోగాల దాకా వెళుతుంది. ఆర్నెల్ల వీసా మీద వచ్చి వెళ్ళేవాళ్ళకి ఆ గట్టే రచ్చబండ.

బడి హద్దు... ఇంటి ధర

ఇన్నాళ్ళూ వచ్చినవాళ్ళందరినీ ఇముడ్చుకున్న ఈ ఊరికి అసలు పరీక్ష ఇప్పుడొచ్చింది. అది ఇంటి ధర.

అమెరికాలో ప్రభుత్వ బడిలో సీటు ఇంటి చిరునామాని బట్టి వస్తుంది. మిషన్ శాన్‌హోజే హైస్కూలు రాష్ట్రంలోనే పేరున్న బడుల్లో ఒకటి. ఆ బడి హద్దులోపల ఇల్లు ఒక ధర, వీధి దాటితే మరో ధర. 2000 ప్రాంతంలో అధికారులు ఆ హద్దులు జరిపినప్పుడు కొందరు తల్లిదండ్రులు విడిపోయి వేరే విద్యామండలి పెట్టుకుంటామని ఉద్యమించారు. పిల్లల మీద ఒత్తిడీ అలాగే ఉంటుంది. మన కార్పొరేట్ కాలేజీల్లో ర్యాంకుల గోల తప్పించుకుందామని వెళ్ళినవాళ్ళు, అక్కడ అదే గోలని కొంచెం మెత్తటి కుర్చీల్లో కూర్చోబెట్టారని నవ్వుకుంటారు.

ఫ్రీమాంట్‌లో సాధారణ ఇల్లు పది లక్షల డాలర్లు దాటి చాలాకాలమైంది. 1978లో కాలిఫోర్నియా ఓటర్లు ఆమోదించిన ‘ప్రతిపాదన 13’ ప్రకారం ఇంటిపన్ను కొన్న ధరలో ఒక శాతం. ఆ పన్ను లెక్క ఏడాదికి రెండు శాతానికి మించి పెరగకూడదు. దాంతో నలభై ఏళ్ళ కిందట కొన్న పెద్దాయన కట్టే పన్ను, ఆ పక్కింటిని నిరుడు కొన్న జంట కట్టేదాంట్లో చిన్న భాగమే. ఉన్నవాళ్ళకి ఊరు చవక, వచ్చేవాళ్ళకి ఖరీదు. అందుకే బడిలో పాఠం చెప్పే టీచరు, కారు లైనులో పనిచేసే కార్మికుడు, కబాబు కొట్టు నడిపే కుర్రాడు కొండల అవతల ట్రేసీలో ఉండి, తెల్లవారకముందే బయల్దేరాల్సి వస్తోంది. లిటిల్ కాబూల్‌కి ఊపిరిపోసిన చవక అద్దెలు ఇప్పుడు లేవు.

అద్దె కూడా కట్టలేనివాళ్ళు గుడారాల్లోకి, కార్లలోకి చేరారు. 2025 ఫిబ్రవరిలో నగర కౌన్సిల్ బహిరంగ స్థలాల్లో గుడారాలు వేయడాన్ని నిషేధించింది. వాళ్ళకి తోడ్పడినవారినీ శిక్షించే నిబంధన అందులో ఉండడంతో స్వచ్ఛంద సంస్థలు భగ్గుమన్నాయి. మార్చిలో ఆ ఒక్క నిబంధన తీసేశారు, నిషేధం ఉంచారు. శరణార్థుల ఊరిగా పేరున్నచోట జరిగిన ఈ చర్చ చాలామందిని ఆలోచనలో పడేసింది.

మనవాళ్ళకి మరో చిక్కు... కాగితాలది. ఉద్యోగం ద్వారా ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ ఏడాదికి ఏడు శాతానికి మించి దక్కకూడదన్నది అమెరికా చట్టం. భారతీయుల వరస ఏళ్ళకి ఏళ్ళు సాగుతోంది. ఇల్లు కొన్నారు, పన్ను కడుతున్నారు, బడి కమిటీలో పనిచేస్తున్నారు. ఉద్యోగం పోతే మాత్రం రెండు నెలల్లో కొత్తది వెతుక్కోవాలి. ఏడాది వయసులో వచ్చిన పిల్లకి 21 నిండేలోగా కార్డు రాకపోతే తల్లిదండ్రుల వరసలోంచి పేరు జారిపోతుంది. తెలిసిన ఒకే ఊళ్ళో ఆ పిల్ల విదేశీ విద్యార్థిని అవుతుంది. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్1బీ దరఖాస్తులకి లక్ష డాలర్ల రుసుము ప్రకటించాక ఈ ఇళ్ళలో గుబులు ఇంకా పెరిగింది.

నేల కింద గీత

ఇంత ఖరీదైన ఇళ్ళ కింద హేవార్డ్ భ్రంశం ఉంది. భూమి పొరలు ఒకదాన్నొకటి రాసుకునే చీలిక అది. 1868 అక్టోబరు 21న కదిలినప్పుడు మిషన్‌లోని మట్టి ఇటుకల చర్చి కూలిపోయింది. అచ్చం పాతదాన్ని పోలిన చర్చిని మళ్ళీ కట్టుకున్నది 1985లో. ఈ చీలిక మీద చివరి అయిదు పెద్ద కంపాల మధ్య సగటున 140 ఏళ్ళ ఎడం ఉందని శాస్త్రజ్ఞుల లెక్క. 1868కి 140 కలిపితే 2008... ఆ గడువు ఎప్పుడో దాటింది.

అందుకే ఇక్కడ చాలా ఇళ్ళలో నీళ్ళ సీసాలు, టార్చిలైటు, మందులతో ఓ సంచి సిద్ధంగా ఉంటుంది. అగ్నిమాపక శాఖ ఇరుగుపొరుగుకి తర్ఫీదు ఇస్తుంది. గ్యాస్ ఎలా కట్టేయాలి, పక్కింటి తాతగారిని ముందు ఎవరు చూడాలి... అన్నీ ముందే అనుకుంటారు. ఎవరి భాష వారిది, ఎవరి గుడి వారిది అన్నట్టున్న వీధిలో అందరూ ఒకరి గడప ఒకరు తొక్కేది ఈ పని మీదే కావడం విశేషం.

ఇక్కడే ఉంటారా?

ఈమధ్య క్యాపిటల్ అవెన్యూ చుట్టూ ఫ్రీమాంట్ ఒక డౌన్‌టౌన్ కట్టుకుంటోంది. దుకాణాలు, అపార్ట్‌మెంట్లు, సభలకి వేదిక, ఓ చత్వరం. అది అయిదు పల్లెలకీ కూడలి అవుతుందో లేదో కాలమే చెప్పాలి. ఇన్నాళ్ళూ మాత్రం ఈ ఊరిని కలిపి ఉంచింది నడిమధ్య రాయి కాదు. ముందొచ్చినవాళ్ళు వెనకొచ్చినవాళ్ళకి కొంచెం జరిగి చోటిచ్చిన అలవాటు. నమ్మీ కార్మికుడు లాగిన తాడులో, పీస్ టెర్రస్ పార్కింగ్‌లో, అఫ్గాన్ ఇళ్ళ నుంచి వెళ్ళిన దుప్పట్లలో ఉన్నది అదే. ఆ జరగడం ఆగిపోతే మిగిలేవి ఖరీదైన ఇళ్ళు మాత్రమే.

1990లలో వచ్చిన మన తెలుగువాళ్ళు ఇప్పుడు ఉద్యోగాల నుంచి దిగిపోతున్నారు. సరస్సు పక్కన నగరం నడిపే వయోజనుల కేంద్రంలో యోగాకీ, చదరంగానికీ వెళుతున్నారు. ఇక్కడే ఉండాలా, వెనక్కి వెళ్ళాలా అన్న చర్చ ప్రతి ఇంట్లో ఉంది. ఊళ్ళో ఇల్లుంది, అందులో మనుషులు లేరు. ఇక్కడ ఇల్లుంది, పెరట్లో కరివేపాకు చెట్టుంది, రెండు వీధుల అవతల మనవరాలుంది. రెండు సూట్‌కేసులతో వచ్చినవాళ్ళు ఇప్పుడు వెళ్ళాలంటే ఏది సర్దుకోవాలో తెలియక ఆగిపోతున్నారు.